తలనొప్పితో పాటు ఒకటి రెండుగా కనిపిస్తోంది, ముక్కు శుభ్రంగానే ఉంది. ఇది సైనస్ కావచ్చా?

కావచ్చునండి. మీ అన్నయ్యకు పది రోజులుగా తలనొప్పి, మూడు రోజులుగా దూరంలో ఉన్నవి రెండుగా కనిపిస్తున్నాయని, అద్దాలు మారిస్తే సరిపోతుందా అని అడిగారు. నాకూ ఇలాగే వచ్చినప్పుడు ముందు అద్దాలే మార్చాను. డబ్బు దండగ.

ఒకరోజు నరసాపురం రేవులో నిలబడి ఉంటే, సఖినేటిపల్లి వైపునుంచి వస్తున్న పంటు (రేవు దాటించే పడవ) పక్కపక్కనే రెండుగా కనిపించింది. చేతిలోని పేపరు మాత్రం చక్కగా చదవగలుగుతున్నాను. ఎడమవైపు చూస్తే రెండు బొమ్మల మధ్య ఎడం పెరిగేది. ఏ కన్ను మూసినా ఒకటే పంటు! డాక్టరుకు పనికొచ్చింది ఈ చివరి ముక్కే. ఒక కన్ను మూసినా రెండుగానే ఉంటే లోపం సాధారణంగా తెరిచిన కంటిలోనే, శుక్లం లాంటిది. ఏ కన్ను మూసినా ఒకటైపోతే, రెండు కళ్లూ కలిసి తిరగడం లేదన్నమాట. మీ అన్నయ్య చేత ఇప్పుడే చేయించండి.

అప్పటికి వారంగా నాకు నడినెత్తిన, ఎడమ కంటి వెనక పోటు. అమ్మ వావిలాకు ఆవిరి పట్టించింది. చీమిడి లేదు, దిబ్బడ లేదు కనుక సైనస్ కాదని ఇంటిల్లిపాదీ తీర్మానించాం. కానీ సైనస్ గదులు బుగ్గల్లో, నుదుట్లోనే కాదు, ముక్కు వెనక కపాలం అడుగునా ఉంటాయి. వాటిని స్ఫీనాయిడ్ అంటారు. అక్కడ చీము పట్టినా ముక్కుకు తెలియకపోవచ్చు. చూపు నరం ఆ గది గోడను ఆనుకునే పోతుంది. కంటిని బయటివైపు తిప్పే ఆరో నరమూ దగ్గరే. నాకు దెబ్బతిన్నది అది.

కాకినాడలో చెవి, ముక్కు, గొంతు డాక్టరు అదే రోజు స్కానింగ్ తీయించారు. సెలైన్‌తో యాంటీబయాటిక్స్, ముక్కులోనుంచే ఆపరేషన్. తలనొప్పి రెండు రోజుల్లో పోయింది. కన్ను దారికి రావడానికి ఏడు వారాలు పట్టింది. అన్నాళ్లూ ఒక కంటికి గుడ్డ కట్టుకుని తిరిగాను. బండి తాళం మా ఆవిడ దాచేసింది.

మీ అన్నయ్యకు షుగర్ ఉందో లేదో రాయలేదు. 2021లో కోవిడ్ తర్వాత వచ్చిన బ్లాక్ ఫంగస్ ముక్కు, సైనస్‌ల నుంచే కళ్లకు పాకింది, ఎక్కువగా షుగర్ ఉన్నవాళ్లలో. షుగర్ లేకపోయినా ఈరోజే వెళ్లండి. ఎరుపు రంగు ఒక కంటికి వెలిసిపోయినట్టు కనిపించినా, కన్ను ముందుకు పొడుచుకొచ్చినా, రెప్ప వాలినా గంటలు లెక్కే. రెండుగా కనిపించడానికి మెదడులోని కారణాలూ ఉంటాయి కాబట్టి, నా కథ విని మందుల షాపులో సైనస్ బిళ్లలు కొనకండి. దారిలో బండి మాత్రం ఆయనను నడపనివ్వకండి.