మెయిన్ బజారు బతకాలంటే ముందు బాత్రూమ్ కట్టండి

ప్రశ్న: మా టౌన్‌లో బైపాస్ రోడ్డు మీద మాల్ వచ్చాక మెయిన్ బజారులో సగం కొట్లు మూతపడ్డాయి. ఆన్‌లైన్‌లో అన్నీ దొరికే ఈ రోజుల్లో పాత బజారును మళ్ళీ నిలబెట్టడం అయ్యే పనేనా?

అయ్యే పనే. అయితే ఈ ప్రశ్న ఎవరు అడిగినా వినపడే మాటలు మూడే. పార్కింగ్ లేదు, అద్దెలు మండిపోతున్నాయి, ఆన్‌లైన్ వాళ్ళు తినేశారు. మూడూ ఎంతోకొంత నిజమే. కానీ బట్టల కొట్లో గల్లాపెట్టె పక్కన కూర్చుని హోంవర్కు చేసుకున్నవాడిగా చెప్తున్నాను, మన బజార్లను చంపింది బాత్రూమ్ లేకపోవడం. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

మాది గోదావరి జిల్లాలో ఒక టౌను. పేరు రాస్తే మావాళ్ళు ఫోన్ చేసి మరీ తిడతారు, వద్దులెండి. మెయిన్ బజారులో మా నాన్నగారికి బట్టల కొట్టు ఉండేది. పన్నెండడుగుల వెడల్పు, లోపలికి నలభై అడుగులు, అచ్చం రైలుపెట్టె. తెల్లదుప్పటి పరిచిన పరుపుల మీద కూర్చోబెట్టి చీరలు విప్పి చూపించేవాళ్ళు. ముగ్గురు గుమాస్తాలు. శ్రావణమాసం వచ్చిందంటే ఆదివారాలు నన్నూ అన్నయ్యనీ కూడా కొట్లో దింపేవారు, విప్పిన చీరలు మడతపెట్టడానికి. ఆ విద్య ఇప్పటికీ పోలేదు. ఇంట్లో చీరల మడతలన్నీ నా డ్యూటీయే.

1998 శ్రావణం. నేను తొమ్మిదో తరగతి. పక్క పల్లె నుంచి ఒక కుటుంబం పెళ్ళి బట్టలకి వచ్చింది. పదకొండు మంది, అందులో ఎనిమిది మంది ఆడవాళ్ళు. పొద్దున్న పదింటికల్లా వచ్చేశారు, బోణీ బేరం. పెళ్ళికూతురి పట్టుచీరలు, వియ్యాలవారికి పెట్టుబడి చీరలు, మగవాళ్ళకి పంచెలు, జాకెట్ ముక్కలు, అన్నీ ఒక్కచోటే తీసుకునే రకం. నాన్నగారు హుషారుగా నన్ను కూల్‌డ్రింకులకి పంపారు. పదకొండు సీసాలు తెచ్చాను. మగవాళ్ళు ముగ్గురూ తాగారు. ఆడవాళ్ళు ఒక్కరూ ముట్టుకోలేదు. "వద్దు బాబూ, దాహంగా లేదు" అన్నారు. బయట ఉక్కపోత, ఫ్యాను కింద కూర్చున్నా జాకెట్లు తడిసిపోతున్నాయి, దాహం లేదట! ఆ వయసులో నాకు బోధపడలేదు.

పన్నెండున్నర అయ్యేసరికి పరుపు మీద ఒక పక్కగా పెట్టించిన చీరలు ఇరవై దాటాయి. అప్పుడు పెళ్ళికూతురి మామ్మగారు నన్ను దగ్గరికి పిలిచి చెవిలో అడిగింది. నేను నాన్నగారి వంక చూశాను. ఆయన పెద్ద గుమాస్తా వంక చూశారు. పెద్ద గుమాస్తా గోడ గడియారం వంక చూశాడు. మగవాళ్ళమంతా కొట్టు వెనక సందులో గోడ దగ్గరికి వెళ్ళొచ్చేవాళ్ళం. అంతకుమించి ఏర్పాటు ఒకటి ఉండాలని ముప్ఫై ఏళ్ళలో ఎవరికీ తట్టలేదు.

"సినిమా హాలుకి తీసుకెళ్ళరా" అన్నారు నాన్నగారు. తీసుకెళ్ళాను. ఆట నడుస్తుండగా గేటు తియ్యనన్నాడు గేటువాడు. అక్కణ్ణుంచి బస్టాండు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, నా భుజం పట్టుకుని నడిచింది. లోపలికి వెళ్ళినావిడ రెండు నిమిషాలు కాకుండానే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని బయటికొచ్చేసింది. "అక్కడ కాలు పెట్టలేం నాయనా." చివరికి సందు మొదట్లో ఒకావిడ గుమ్మం ముందు బియ్యం చేట చెరుగుతుంటే, ఈవిడే వెళ్ళి నోరు తెరిచి అడిగింది. ఆ తల్లి మారుమాట లేకుండా లోపలికి రమ్మంది. నేను వీధిలో నిలబడ్డాను. నాకెందుకు సిగ్గేసిందో అప్పుడు తెలియదు గానీ చెవులు వేడెక్కడం మాత్రం గుర్తుంది.

కొట్టుకి తిరిగొచ్చేసరికి ముప్పావుగంట పట్టింది. మామ్మగారు పరుపు మీద కూర్చోలేదు. "ఇంక చాల్లే, మిగతావి రాజమండ్రిలో చూసుకుందాం" అంది. ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నట్టు ఆడవాళ్ళంతా ఒక్కసారిగా లేచారు. ఒక పట్టుచీరకీ ఆరు జాకెట్ ముక్కలకీ బిల్లు వేయించుకుని వెళ్ళిపోయారు. మేం సాయంత్రం దాకా చీరలు మడతపెడుతూనే ఉన్నాం.

పక్క కొట్టు ఆయనకి నాన్నగారు "బేరం కుదర్లేదండీ" అని చెప్పారు. రాత్రి అన్నం దగ్గర అమ్మకి మాత్రం జరిగింది చెప్పారు. అమ్మ మజ్జిగ పోస్తూ, "నేను కొట్టుకి వచ్చేరోజు పొద్దున్న కాఫీ కూడా తాగను. ఇన్నేళ్ళలో ఎప్పుడైనా గమనించారా?" అంది. అంతే, ఇంకేం అనలేదు.

వారం తిరక్కుండా కొట్టు చివర తువ్వాళ్ళు, లుంగీలు పెట్టే బీరువా పీకేసి నాలుగడుగుల వెడల్పున ఒక బాత్రూమ్ కట్టించారు. బకెట్టు, మగ్గు, లోపల గడియ, ఒక బల్బు. వీధిలో వాళ్ళు "కొట్టు పెట్టావా, సులభ్ కాంప్లెక్స్ పెట్టావా" అని వెక్కిరించారు. బోర్డు పెట్టలేదు, ప్రచారం చెయ్యలేదు. కానీ ఆడవాళ్ళలో ఆ కబురు ఎలా పాకుతుందో పాకింది. మరుసటేడు పెళ్ళి బేరాలు రెట్టింపయ్యాయని నేను ఘంటాపథంగా చెప్తాను. లెక్కల పుస్తకాలు చూపించమనకండి, చెదలు తినేశాయి.

కొన్నేళ్ళకి మా ఊళ్ళోనూ బైపాస్ మీద మాల్ వచ్చింది. అమ్మ పిన్నివాళ్ళతో మొదటిసారి వెళ్ళొచ్చింది. ఏం కొన్నావమ్మా అని ఫోన్‌లో అడిగితే, "బాత్రూములు ఎంత శుభ్రంగా ఉన్నాయిరా! చేతులు ఆరబెట్టుకునే మిషను కూడా పెట్టాడు" అంది. అడిగిందానికి జవాబు కాదు. కొన్నది ఒక్క నైటీ. మాల్ వాడు ఏసీతోనూ డిస్కౌంటుతోనూ గెలిచాడని మనం అనుకుంటాం. పెళ్ళి బట్టల దగ్గర డబ్బు ఎవరి జేబులోంచి వచ్చినా చీర తేల్చేది ఆడవాళ్ళు. వాళ్ళు నాలుగు గంటలు నిశ్చింతగా కూర్చోగలిగే చోటికే బేరం పోతుంది.

కూర్చోవడం అంటే గుర్తొచ్చింది. పాత కొట్లకి ముందు అరుగులుండేవి. సంచులు దింపుకుని, పిల్లాడికి ఒక జీడి ముక్క చేతిలో పెట్టి, ఇంటాయన వచ్చేదాకా అక్కడే కూర్చునేవాళ్ళు. రోడ్డు వెడల్పని ఎర్ర రంగుతో గీతలు గీసి అరుగులన్నీ కొట్టేశారు. ఆ వెడల్పైన రోడ్డులో ఇప్పుడేమున్నాయి? బైకులు. ఎవరివి? ఒకసారి సెలవుల్లో పని లేక మా కొట్టు ముందు లెక్కపెట్టాను. ఆరు బైకులుంటే అయిదు ఆ వరస కొట్ల ఓనర్లవీ గుమాస్తాలవీ. పార్కింగ్ లేదని సమావేశాల్లో గొంతు చించుకునేది మళ్ళీ వీళ్ళే.

2013 నుంచి మూడేళ్ళు ఉద్యోగం మీద ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ దగ్గర ఉన్నాం. అక్కడ ఆల్ట్రింగమ్ అని ఒక టౌను. స్పెల్లింగు చూస్తే ఆల్ట్రిన్‌చామ్ అని చదవబుద్ధవుతుంది, నేనూ మొదట అలాగే పలికి నవ్వులపాలయ్యాను. మనవాళ్ళు ఆ చుట్టుపక్కల ఇళ్ళు వెతికేది బజారు చూసి కాదు, పరీక్ష పెట్టి పిల్లల్ని తీసుకునే సర్కారు బడులైన గ్రామర్ స్కూళ్ళలో సీట్ల కోసం. 1290 నుంచీ సంత ఉన్న ఊరు. మా కొట్లోంచి మామ్మగారు లేచిపోయిన 1998లోనే, అక్కడికి కారులో కొద్ది దూరంలో ట్రాఫర్డ్ సెంటర్ అనే పేద్ద మాల్ తెరిచారు. పార్కింగ్ ఫ్రీ. దానికి మాంద్యం కూడా తోడై 2010 ప్రాంతానికి ఆల్ట్రింగమ్‌లో దాదాపు మూడోవంతు షాపులు ఖాళీ, పేపర్ల వాళ్ళు దయ్యాల ఊరు అన్నారు. ఇంగ్లండ్ అంతా అదే వరస. అన్ని రకాల సామాన్లూ అమ్మే, దాదాపు వందేళ్ళ వూల్‌వర్త్స్ కంపెనీ 2009 జనవరి మొదటివారానికల్లా ఎనిమిది వందల పైచిలుకు షాపులు మూసేసింది.

మేం వెళ్ళిన కొత్తలో ఆల్ట్రింగమ్ మెయిన్ వీధిలో నడుస్తుంటే మా బజారే గుర్తొచ్చేది. 2014లో పాత మార్కెట్ భవనాన్ని నిక్ జాన్సన్, జెన్నీ థామ్సన్ అనే ఇద్దరి చేతికిచ్చారు. వాళ్ళు పెద్ద పెద్ద బ్రాండ్ల వెంట పడలేదు. హాలు నడిమధ్య పొడుగాటి చెక్క బల్లలు వేశారు, చుట్టూ చిన్న చిన్న వంటల స్టాళ్ళు పెట్టించారు. ఎవరి దగ్గర కొనుక్కున్నా అందరూ ఆ బల్లల దగ్గరే, ముక్కూమొహం తెలియనివాళ్ళ పక్కన. ఆదివారం మా ఆవిడ, పాప, నేను వెళ్ళి ఒక్క కాఫీ, ఒక పిజ్జాతో రెండు గంటలు కూర్చున్నా లేవమన్నవాడు లేడు. లేచాక ఇంటికి పోతామా? వీధిలో పడి ఏదో ఒకటి కొంటాం. ఖాళీ షాపులు ఒక్కొక్కటే నిండుతుంటే చూశాను. 2018లో ఇంగ్లండ్‌లోకెల్లా మంచి హైస్ట్రీట్ (మన మెయిన్ బజారు లాంటిది) అని అవార్డు కూడా వచ్చింది. తిండి వల్ల బాగుపడిందని అందరూ రాశారు. బల్లల వల్ల అని నేనంటాను.

ఆ దేశంలో నాకు ఇంకా నచ్చింది లండన్‌లోని రిచ్‌మండ్ వాళ్ళ పద్ధతి. బజారులో హోటళ్ళు, షాపులు ముందుకొస్తే కిటికీకి ఒక స్టిక్కర్ అంటిస్తారు. దారిన పోయే ఎవరైనా ఏమీ కొనకుండానే లోపలికెళ్ళి బాత్రూమ్ వాడుకోవచ్చు. కొత్త కట్టడం లేదు, టెండరు లేదు, శిలాఫలకం లేదు. బహుశా శిలాఫలకం లేకపోవడమే మన దగ్గర దానికి అడ్డం. హైదరాబాద్‌లో లూకేఫేలు పెట్టారు, కాఫీ అమ్మకంతో బాత్రూమ్ నడపాలని, అడుగుపెట్టినందుకు డబ్బు తీసుకోకూడదని. అలాంటివి చిన్న టౌన్లకి ఎప్పుడొస్తాయో. మా దగ్గర బజారు అభివృద్ధి అంటే రంగు లైట్లు, ఊరి పేరు పక్కన గుండె బొమ్మ బోర్డు, అంతే.

అద్దెల సంగతీ ఒక్క ముక్క. మా వరసలో ఒక కొట్టు నాలుగేళ్ళుగా తాళం వేసి ఉంది. ఓనరు హైదరాబాద్‌లో ఉంటాడు, అద్దె వెయ్యి తగ్గించమంటే ఊరుకోడు, ఖాళీగా మాత్రం ఉంచుకుంటాడు. ఇంగ్లండ్‌లో 2024 డిసెంబరు నుంచి కొత్త చట్టం నడుస్తోంది. రెండేళ్ళలో మొత్తం 365 రోజులకు పైగా ఖాళీగా పడున్న షాపును కౌన్సిల్ వాళ్ళే, అంటే అక్కడి మున్సిపాలిటీయే, వేలం వేసి అద్దెకిచ్చేయొచ్చు. ఇది మాత్రం దిగుమతి చేసుకోవాలి.

ఇంతా చెప్పి, మరి మీ కొట్టు ఏమైందయ్యా అంటారా? 2018లో మూసేశాం. నాన్నగారికి మోకాళ్ళు పోయాయి. అన్నయ్య బెంగళూరు, నేను హైదరాబాద్, ఇద్దరం సాఫ్ట్‌వేరే. "ఈ గల్లాపెట్టె నా తరంతో సరి, మీరు చదువుకోండి" అని పెంచింది ఆయనే. బజారులో ఏ పాత కొట్టు ముందు నిలబడి అడిగినా ఇదే కథ చెప్తారు, దానికి ఏ బాత్రూమూ మందు కాదు, ఒప్పుకుంటాను.

కొట్టు మాదే కాబట్టి సెల్‌ఫోన్ కవర్లమ్మే కుర్రాడికి అద్దెకిచ్చాం. వెనక బాత్రూమ్ తియ్యకూడదని మాత్రం నాన్నగారు ముందే చెప్పారు. దాని తాళంచెవి ఎదురుగా పూలమ్ముకునే ఆవిడ దగ్గర ఉంటుంది, కూరగాయల బళ్ళవాళ్ళూ టైలర్ల దగ్గర కుట్టే అమ్మాయిలూ ఆవిణ్ణడిగి తీసుకెళ్తారు. మొన్న సంక్రాంతికి వెళ్తే, "బాబూ, కుళాయి కారిపోతోంది, రాత్రంతా ట్యాంకు ఖాళీ అయిపోతోంది" అని నాకే చెప్పింది. ప్లంబర్‌ని పిలిచి వాషర్ మార్పించాను. 150 తీసుకున్నాడు.