పరీక్ష సరే, తర్వాతి మెట్టేమిటి?

ఈసారి ఉత్తరాల్లో సగం క్యాన్సర్ కొత్త పరీక్షల గురించి, సగం చికిత్స మధ్యలో ఇంట్లో ఎదురయ్యే చిక్కుల గురించి. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: ఒక్క రక్తపరీక్షతో యాభై రకాల క్యాన్సర్లు ముందే బయటపడతాయట. నాకు 52 ఏళ్లు, ఏ ఇబ్బందీ లేదు. సిఏ-125, సిఇఏ అనే క్యాన్సర్ గుర్తుల రక్తపరీక్షలు కూడా కలిపి ప్యాకేజీ ఉందంటున్నారు. చేయించుకుంటే నష్టమేముందండీ?

జవాబు: నష్టం సూదిపోటుతో మొదలవదు, 'పాజిటివ్' అన్న కాగితం చేతికొచ్చాక మొదలవుతుంది. కణాలు చనిపోయినప్పుడల్లా వాటి డిఎన్ఏ తునకలు రక్తంలో కలుస్తాయి. కణితిలోని కణాలవీ అంతే. ఆ తునకలపై ఉండే మిథైల్ అనే రసాయన గుర్తుల అమరికను చదివి, ఇది క్యాన్సర్ కణానిదేనా, ఏ అవయవం నుంచి వచ్చింది అని అంచనా కడతారు. తెలివైన పద్ధతే. కానీ చిన్న కణితి రాల్చే తునకలు బహు తక్కువ. వీటిలో బాగా పేరుపడ్డ గ్యాలరీ పరీక్షను, క్యాన్సర్ ఉందని అప్పటికే తేలినవాళ్ల మీద చేసి చూస్తే మొదటి దశలో 17 శాతం మందినే పట్టుకుంది. రెండో దశలో 40, మూడో దశలో 77, నాలుగో దశలో 90 శాతం. ఏ దశలో దొరికితే మేలో ఆ దశలోనే దాని చూపు మందం.

లక్షణాలేమీ లేనివాళ్లలో చేసిన పాత్‌ఫైండర్ అధ్యయనంలో 6,621 మందిని పరీక్షిస్తే 92 మందికి సంకేతం వచ్చింది. స్కాన్‌లూ బయాప్సీలూ (ముక్క తీసి చూసే పరీక్షలు) అన్నీ అయ్యాక నిజంగా క్యాన్సర్ తేలింది 35 మందికి. మిగతా 57 మంది లేని జబ్బు కోసం నెలల తరబడి తిరిగారు. ఈ పరీక్ష వల్ల క్యాన్సర్ మరణాలు తగ్గుతాయని ఇంతవరకూ రుజువు కాలేదు. అన్నిటికంటే మాకు భయం నెగటివ్ వచ్చినవాళ్ల గురించే. 'ఇంకేం, అంతా బాగుంది' అని మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) మానేస్తారు.

సిఏ-125 బహిష్టు సమయంలోనూ, ఎండోమెట్రియోసిస్ (గర్భాశయం లోపలి పొర బయట పెరిగే జబ్బు) ఉన్నా పెరుగుతుంది. సిఇఏ పొగతాగేవాళ్లలో ఊరికే ఎక్కువ ఉంటుంది. బ్రిటన్‌లో రెండు లక్షల మందికి పైగా మహిళలపై సిఏ-125, అల్ట్రాసౌండ్‌లతో ఏళ్ల తరబడి చేసిన అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. అండాశయ క్యాన్సర్ మరణాలు తగ్గలేదు. ఈ రెండూ ముఖ్యంగా జబ్బు తేలినవాళ్లలో చికిత్స పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి పనికొస్తాయి. ప్యాకేజీలో పెట్టి అమ్మడానికి కాదు.

డిఎన్ఏ తునకల పరీక్షకు అసలు బలం వేరే చోట ఉంది. పెద్దపేగు క్యాన్సర్ రెండో దశలో ఆపరేషన్ అయినవాళ్లకు కీమో కావాలా వద్దా అన్నది ఈ రక్తపరీక్ష చూసి నిర్ణయిస్తే, కీమో పడినవాళ్లు 28 శాతం నుంచి 15 శాతానికి తగ్గారు. రెండేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టనివాళ్ల శాతంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. 455 మందితో చేసిన ఈ డైనమిక్ అధ్యయనం 2022లో వచ్చింది.

52 ఏళ్లకు మీకు రుజువున్న పరీక్షలు వేరే ఉన్నాయి. పెద్దపేగు పరీక్ష అందరికీ. స్త్రీలైతే మామోగ్రామ్, గర్భాశయ ముఖద్వార పరీక్ష కూడా. ఇరవై సిగరెట్ల పెట్టె రోజుకొకటి చొప్పున ఇరవై ఏళ్లు కాల్చినవాళ్లకు, మానేసి పదిహేనేళ్లు దాటకపోతే, తక్కువ మోతాదు ఛాతీ సీటీ స్కాన్. ముందు అవి పూర్తిచేయండి.

ప్రశ్న: మలంలో రక్తం చూసే 'ఫిట్' పరీక్ష పాజిటివ్ వచ్చింది. నాకు మొలలున్నాయి, వాటివల్లే అనుకుంటున్నాను. ఇంకోసారి చేయించి, మళ్లీ వస్తే అప్పుడు కొలనోస్కోపీకి (గొట్టం కెమెరాతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) వెళ్లొచ్చా?

జవాబు: వద్దు. పాలిప్ (పేగు లోపలి గోడ మీద మొలిచే బుడిపె) నుంచి రక్తం రోజూ కారదు. ఒకరోజు కారుతుంది, నాలుగు రోజులు ఊరుకుంటుంది. రెండోసారి నెగటివ్ వచ్చినంత మాత్రాన మొదటిది తప్పయిపోదు. మొలలు ఉన్నవాళ్లకు పాలిప్ ఉండకూడదని రూలేమీ లేదు కదా! పాజిటివ్ వచ్చాక పది నెలలు దాటించినవాళ్లలో క్యాన్సర్ తేలడం, అదీ ముదిరిన దశలో తేలడం ఎక్కువని పెద్ద అధ్యయనంలో కనిపించింది. అంతదాకా ఎందుకు, ఒకట్రెండు నెలల్లో చేయించేసుకోండి. ఎక్కువమందిలో క్యాన్సర్ ఉండదు. పాలిప్ దొరికితే తీగ ఉచ్చు వేసి అక్కడికక్కడే తీసేస్తారు, ముందు ముందు క్యాన్సర్ అయ్యేది ఆరోజే పోతుంది.

కొలనోస్కోపీ చెడేది సాధారణంగా డాక్టరు చేతిలో కాదు, ముందురోజు రాత్రి ఇంట్లో. విరేచనాల మందు మొత్తం సాయంత్రమే తాగేస్తే తెల్లారేసరికి చిన్నపేగు నుంచి పసుపు జిగురు దిగి పెద్దపేగు కుడివైపు గోడకు అతుక్కుంటుంది. బల్లపరుపుగా ఉండే పాలిప్‌లు కనబడకుండా పోయేది అక్కడే. అందుకే సగం ముందురోజు సాయంత్రం, మిగతా సగం పరీక్షకు నాలుగైదు గంటల ముందు మొదలుపెట్టి, రెండు గంటల ముందే ముగించాలి. చివరికి వచ్చేది మూత్రంలా పలచగా, లేత పసుపుగా ఉంటే పేగు శుభ్రమైనట్టు. గోధుమరంగు నీళ్లు వస్తుంటే వెళ్లేలోపే ఫోన్ చేసి చెప్పండి. ఐరన్ మాత్రలు వారం ముందే ఆపాలి, అవి మలాన్ని నల్లగా, జిగటగా చేస్తాయి. రక్తం పలచబడే మందులు, షుగరు మందులు మాత్రం సొంతంగా ఆపకండి, అడగండి.

రిపోర్టులో మూడు చూడండి: పెద్దపేగు మొదలయ్యే చోటైన సీకమ్ దాకా వెళ్లినట్టు ఫొటో ఉందా, గొట్టం వెనక్కి తీయడానికి కనీసం ఆరు నిమిషాలు పట్టిందా, శుభ్రత స్కోరు తొమ్మిదికి ఆరైనా ఉందా. లేకపోతే 'నార్మల్' అన్న మాటకు విలువ తక్కువ.

ప్రశ్న: హెచ్‌పివి (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే, కలయిక ద్వారా సోకే వైరస్) పరీక్షకు నమూనా మనమే తీసుకోవచ్చంటున్నారు. సరిగ్గా తీయకపోతే? పాజిటివ్ వస్తే మావారిని అనుమానించాలా?

జవాబు: గర్భాశయ ముఖద్వారం దాకా చేరనక్కర్లేదు, అక్కడే చాలామందికి భయం. యోనిలోకి రెండంగుళాల దాకా బ్రష్‌ని పెట్టి, కిట్ మీద చెప్పినన్ని సెకన్లు గుండ్రంగా తిప్పి, కొనను దేనికీ తగలనీయకుండా గొట్టంలో పెట్టాలి. బహిష్టు రోజుల్లో వద్దు. ముందు రెండు రోజులు క్రీములు, లోపల కడుక్కోవడం వద్దు. కణాలు చాలకపోతే 'నమూనా చెల్లదు' అని వస్తుంది. మళ్లీ తీసివ్వాలి, అంతే. పరీక్ష పిసిఆర్ పద్ధతిలో చేసేదైతే మీరు తీసినదానికీ నర్సు తీసినదానికీ ఫలితంలో తేడా స్వల్పం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 30 ఏళ్ల నుంచి అయిదు నుంచి పదేళ్లకోసారి చేయించుకోమంటోంది. హెచ్ఐవి ఉన్నవాళ్లు 25 నుంచే, మూడు నుంచి అయిదేళ్లకోసారి. కలయిక తర్వాత రక్తం కనబడుతున్నవాళ్లకు ఇది కాదు, నేరుగా డాక్టరు చూడాలి.

పాజిటివ్ అంటే వైరస్ ఉందని, క్యాన్సర్ అని కాదు. ఎక్కువమందిలో రెండేళ్లలో దానంతటదే పోతుంది. రోగనిరోధక శక్తి మామూలుగా ఉంటే క్యాన్సర్ దాకా రావడానికి 15-20 ఏళ్లు పడుతుంది. ముఖద్వార క్యాన్సర్లలో నూటికి డెబ్బైకి కారణమైన 16, 18 రకాలు వస్తే కాల్పోస్కోపీకి (ముఖద్వారాన్ని పెద్దగా చేసి చూసే పరీక్ష) పంపుతారు. వేరే రకమైతే పాప్ స్మియర్ చూస్తారు, దానికి మాత్రం డాక్టరు మళ్లీ నమూనా తీయాల్సిందే. మీరిచ్చిన దాంట్లో ముఖద్వారం కణాలు సరిపడా ఉండవు.

మీవారి సంగతి: ఈ వైరస్ ఏళ్లకేళ్లు నిద్రపోయి లేస్తుంది. ఎప్పుడొచ్చింది, ఎవరి నుంచి వచ్చింది అన్నది ఏ పరీక్షా చెప్పలేదు. ఆ కాగితం పట్టుకుని పంచాయితీ పెట్టకండి.

ప్రశ్న: మా అత్తగారి రొమ్ములో గడ్డ ఉంది. సూది తగిలితే క్యాన్సర్ పాకుతుందని బంధువులు ముక్క పరీక్ష ఆపుతున్నారు.

జవాబు: రొమ్ము గడ్డకు ఆ భయం అక్కర్లేదు. ఈ మాటకు మూలం లేకపోలేదు. వృషణంలో కణితికి సంచి గుండా సూది వేయరు. ఎముక, కండరాల క్యాన్సర్ అయిన సార్కోమాకు సూది దారి కూడా తర్వాత కోసి తీసేసేలా, ఆపరేషన్ చేసే సర్జనే చోటు నిర్ణయించాలి. కాలేయ కణితికి కొద్దిపాటి ప్రమాదం ఉంది. వాటిని తెచ్చి రొమ్ముకు అంటగట్టకూడదు.

మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, లోపల బోలుగా ఉండే సూదితో సన్నని పోగుల్లాంటి ముక్కలు నాలుగైదు తీస్తారు. ప్రతిసారీ స్టేప్లర్ కొట్టినట్టు చప్పుడవుతుంది. ఆవిడకు ముందే చెప్పండి, ఉలిక్కిపడి కదిలితే గురి తప్పుతుంది. ముక్కను గంటలోపే పది శాతం ఫార్మలిన్‌లో వేయాలి. ఆరు గంటలకు తక్కువ, 72 గంటలకు ఎక్కువ నానితే ఈఆర్, పిఆర్, హెర్-2 (ఏ మందు పనిచేస్తుందో చెప్పే గుర్తులు) ఫలితాలు తేడా కొట్టొచ్చు. ల్యాబ్‌కు మీరే మోసుకెళ్లాల్సి వస్తే సెలవు రోజుల ముందు పెట్టుకోకండి. హెర్-2 దగ్గర 'నెగటివ్' అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోక, సున్నానా, 1 ప్లస్సా, 2 ప్లస్సా అని అడిగి రాయించండి. జబ్బు వేరే అవయవాలకు పాకినవాళ్లలో ఈ కొద్దిపాటి హెర్-2 ఉన్నా ట్రాస్టుజుమాబ్ డెరుక్స్‌టెకాన్ అనే మందు పనిచేస్తుందని 2022లో తేలింది. ముక్కలను పొదిగి ఉంచే మైనపు దిమ్మెలు భద్రం. రెండో అభిప్రాయానికి వెళితే కాగితం కన్నా అవే ముఖ్యం.

ప్రశ్న: రొమ్ము ఆపరేషన్ తర్వాత రేడియేషన్ మూడు వారాలని ఒకరు, అయిదు రోజులు చాలని ఒకరు అంటున్నారు. తక్కువిస్తే మోసపోతామా?

జవాబు: మోసం లేదు. బ్రిటన్‌లో 4,096 మందితో చేసిన ఫాస్ట్-ఫార్వర్డ్ అధ్యయనంలో 15 సార్లు మొత్తం 40 గ్రే (రేడియేషన్ కొలత) ఇచ్చినా, వారంలో 5 సార్లు 26 గ్రే ఇచ్చినా అయిదేళ్లకు జబ్బును అదుపు చేయడంలో సమానమే. చంక గడ్డలకు కూడా రేడియేషన్ పెడుతున్నారా, రొమ్మును పునర్నిర్మించారా అన్నదాన్ని బట్టి డాక్టరు ఎక్కువ రోజులు చెప్పవచ్చు. కారణం అడగండి.

ప్రశ్న: నాన్నగారికి కీమో అయి పది రోజులైంది. రాత్రి పదకొండుకు 100.6 జ్వరం. పారాసెటమాల్ వేసి పొద్దున్నే తీసుకెళ్లాం. ఎందుకలా చేశారని డాక్టరు కోప్పడ్డారు. తప్పేంటి?

జవాబు: కోపం న్యాయమైనదే. కీమో తర్వాత ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య తెల్లరక్తకణాలు అట్టడుగుకు పడతాయి. ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే కణాలే లేనప్పుడు చీము పట్టదు, వాపు రాదు, దగ్గినా కఫం పడదు. జ్వరం ఒక్కటే చెప్పే మనిషి, పారాసెటమాల్ ఆ మనిషి నోరు నొక్కేస్తుంది. ఆస్పత్రికి చేరిన గంటలోపు నరంలోకి యాంటీబయాటిక్ పడాలన్నది నియమం. తెల్లారేదాకా ఆగితే కొందరిలో బీపీ పడిపోయి ఐసియూ దాకా వెళుతుంది.

కాబట్టి 100.4 ఫారెన్‌హీట్ అంటే 38 సెల్సియస్ దాటితే అర్ధరాత్రయినా బయల్దేరాలి. నోట్లో పెట్టి చూసేటట్టయితే వేడివి, చల్లవి తాగాక ఇరవై నిమిషాలాగి చూడండి. చంకలో చూస్తే అర డిగ్రీ సెల్సియస్ తక్కువ చూపిస్తుంది. మలద్వారంలో ఎప్పుడూ పెట్టకండి, చిన్న గీరుకే క్రిములు రక్తంలోకి దూరతాయి. వాంతులకని డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ వాడుతుంటే జ్వరం పైకి కనబడకపోవచ్చు. అప్పుడు వణుకు, మాట తడబాటు, మూత్రం తగ్గడం కూడా జ్వరంతో సమానమే.

ఒక కాగితం రాసి పర్సులో పెట్టండి: క్యాన్సర్ పేరు, మందుల పేర్లు, చివరి కీమో తేదీ, పడని మందులు, డాక్టరు ఫోన్. ఎమర్జెన్సీలో మొదటి మాట 'జ్వరం' కాదు, 'కీమో మీద ఉన్నారు, పదో రోజు, జ్వరం' అనాలి. వరుసలో కూర్చోబెట్టడానికీ వెంటనే లోపలికి తీసుకెళ్లడానికీ ఆ తేడా చాలు.

ప్రశ్న: ఇమ్యూనోథెరపీ ఆపేసి మూడు నెలలైంది. ఇప్పుడు రోజుకు ఆరేడు విరేచనాలు. పాత మందుకు సంబంధం ఉంటుందా?

జవాబు: ఉండొచ్చు, ఇవాళే చెప్పండి. రోగనిరోధక కణాలకు ఉండే బ్రేకులను తీసేయడమే ఈ మందుల పని. ఆ బ్రేకుల ఆధారంగా చికిత్స కనిపెట్టినందుకే శాస్త్రవేత్తలు జేమ్స్ అలిసన్, తసుకు హోంజోలకు 2018లో నోబెల్ వచ్చింది. బ్రేకు తీసిన బండి మందు ఆపిన నెలల తర్వాత కూడా పేగు మీదికి ఎక్కవచ్చు. మామూలు కన్నా నాలుగుసార్లు ఎక్కువ వెళుతుంటే విరేచనాలు ఆపే లోపెరమైడ్ వేసుకుని ఊరుకోకండి. ఇన్‌ఫెక్షన్ కాదని చూసుకుని స్టెరాయిడ్ మొదలుపెడతారు. దాన్ని నాలుగు నుంచి ఆరు వారాల్లో మెల్లగా దించాలి, బాగయ్యిందని ఒక్కసారిగా ఆపితే తిరగబెడుతుంది. పొడిదగ్గుతో ఆయాసం, విపరీతమైన దాహం కూడా ఇదే లెక్కలోకి వస్తాయి.

ప్రశ్న: పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో అన్నీ అయ్యాయి. వ్యాయామం చేస్తే జబ్బు రాదన్నది నిజమేనా?

జవాబు: 'రాదు' అనలేం, తగ్గుతుందని ఇప్పుడు గట్టిగా చెప్పగలం. 889 మందితో చేసిన ఛాలెంజ్ అధ్యయనం 2025లో వచ్చింది. మూడేళ్లు శిక్షకుడి పర్యవేక్షణలో వ్యాయామం చేసినవాళ్లలో అయిదేళ్లకు జబ్బు లేకుండా ఉన్నవాళ్లు 80 శాతం, పుస్తకం ఇచ్చి వదిలేసినవాళ్లలో 74 శాతం. ఎనిమిదేళ్లకు బతికున్నవాళ్లు 90, 83. చేసిందల్లా అప్పటిదాకా చేస్తున్నదానికి అదనంగా, వారానికి మూడు నాలుగు సార్లు 45 నిమిషాల నుంచి గంట దాకా వేగంగా నడవడం లాంటిదే. మాట్లాడగలగాలి, పాడలేకపోవాలి, అదీ వేగం. వ్యాయామం చేసినవాళ్లలో కండరాల, కీళ్ల నొప్పులు కొంత ఎక్కువ వచ్చాయి కాబట్టి మొదటి నెల పావుగంటతో మొదలుపెట్టండి. ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు వల్ల పాదాలు మొద్దుబారి ఉంటే నడిచొచ్చిన ప్రతిసారీ అరికాళ్లు చూసుకోండి, బొబ్బ లేచినా తెలియదు.