సోలార్ పవర్‌బ్యాంక్ టేకు చెట్ల కింద ఛార్జ్ అవుతుందా?

ప్రశ్న: ఆగస్టులో నలుగురు దోస్తులం అటవీశాఖ అనుమతితో ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో ఒక రాత్రి ఉండబోతున్నాం. 20,000 ఎంఏహెచ్ సోలార్ పవర్‌బ్యాంక్, 18 పనిముట్ల ‘సర్వైవల్ కిట్’, అమెరికాలోని మా బావతో శాటిలైట్ ద్వారా సందేశాలు పంపే గార్మిన్ ఇన్‌రీచ్ తెప్పిద్దామనుకుంటున్నా. సరిపోతాయా?
– ఓ పాఠకుడు, హన్మకొండ

జవాబు: ముందు మీ బావకు ఫోన్ చేసి ఆ గార్మిన్ కొనొద్దని చెప్పండి. శాటిలైట్‌తో సందేశాలు పంపే పరికరాలను మన దేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా దగ్గర పెట్టుకోకూడదు. సంగతి తెలియక ఎయిర్‌పోర్టుల్లోనే పట్టుబడ్డ విదేశీయులు ఉన్నారు.

ఇక సోలార్. 20,000 ఎంఏహెచ్ అంటే దాదాపు 74 వాట్-అవర్లు. మీద అంటించిన అరచేతంత పలక మండుటెండలో ఇచ్చేది మహా అయితే ఒకటిన్నర వాట్లు. అంటే నిండడానికి యాభై గంటల ఎండ కావాలి. నేనూ మోసపోయాను లెండి: పొద్దంతా డాబా మీద పెడితే నాలుగు లైట్లలో ఒక్కటి వెలిగింది, అదీ మే నెలలో! ముసురులో, టేకు ఆకుల కింద ఏమొస్తుంది? మామూలు 10,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంక్ చాలు. నష్టాలు పోను 5,000 ఎంఏహెచ్ ఫోన్‌ను ఒకసారి పూర్తిగా నింపాక ఇంకొంత మిగులుతుంది. కేబుళ్లు మాత్రం రెండు పెట్టుకోండి, ముందు చెడిపోయేది అదే.

ఛార్జింగ్ గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. 2023 జులైలో ములుగు జిల్లా ముత్యాలధార జలపాతం చూడబోయిన దాదాపు 80 మంది, వాగు పొంగడంతో రాత్రి అడవిలో చిక్కుకున్నారు. ఫోన్ కలవబట్టే సంగతి అధికారులకు తెలిసింది, ఎన్డీఆర్ఎఫ్ వెళ్లి బయటికి తెచ్చింది.

సిగ్నల్ కోసం వెతుకుతూనే ఫోన్ సగం ఛార్జ్ తాగేస్తుంది కాబట్టి లోపలికి వెళ్లగానే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. జీపీఎస్‌కు నెట్ అక్కర్లేదు. మ్యాప్‌ను ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకుని, అదే మోడ్‌లో భద్రకాళి చెరువు కట్ట మీద నడిచి చూడండి, నీలం చుక్క మీ వెంటే వస్తుంది. మొదటిసారి రెండు మూడు నిమిషాలు ఆలస్యమైతే కంగారుపడొద్దు.

ఫోన్ టార్చి వాడొద్దు. తలకు కట్టుకునే లైటు తీసుకోండి, చేతులు ఖాళీగా ఉంటాయి. డబ్బా మీద ‘ఐపీఎక్స్4’ అని ఉంటే వాన జల్లుకు తట్టుకుంటుంది. ఫోన్‌కు జిప్ కవర్ చాలు.

18 పనిముట్ల కిట్ బొమ్మల పెట్టె. అందులోని చెకుముకి తడి ఆకులకు అంటుకోదు, పైగా రిజర్వు ఫారెస్టులో నిప్పు పెడితే కేసు. పనికొచ్చేది ఈల ఒక్కటే, అది బయట ఇరవై రూపాయలకు దొరుకుతుంది. మూడుసార్లు ఊదితే సాయం కావాలని అర్థం.

ప్రశ్న: సిగ్నల్ లేకున్నా అత్యవసర నంబర్ 112 కలుస్తుందా?
– మరో పాఠకురాలు, నర్సంపేట

జవాబు: మీ సిమ్ కంపెనీ సిగ్నల్ లేకున్నా, వేరే కంపెనీ టవర్ అందితే కలుస్తుంది. ఏ టవరూ లేకపోతే కలవదు. గుట్ట మీదికి ఎక్కి చూడండి. మీ సిమ్‌కు ఒక్క గీత సిగ్నల్ వచ్చి కాల్ నిలవకపోతే ఇంటికి ఎస్ఎంఎస్ పెట్టండి, చాలాసార్లు అది పోతుంది.