మేడ మీద కాంపోజిట్ డెక్: బడ్జెట్ ఎలా వేసుకోవాలి?

విజయవాడలో మేడ మీద 12×10 అడుగుల కాంపోజిట్ డెక్‌కి (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన పలకలతో పరిచే నేల) ఎంత పెట్టుకోవాలని అడిగారు. చదరపు అడుగు రేటును 120తో గుణించి ఆగిపోకండి. ఆ రేటు చాలాసార్లు పలకలకే. కింద ఫ్రేము, క్లిప్పులు, అంచుపట్టీ, కూలి, రవాణా, జీఎస్టీ అందులో ఉన్నాయో లేదో కొటేషన్‌లో రాయించుకోండి.

లెక్క ఇలా. 146 మి.మీ. వెడల్పు, 2.9 మీటర్ల పొడవున్న పలక, సందుతో కలిపి, సుమారు 4.7 చదరపు అడుగులు కప్పుతుంది. అంటే 26 పలకలు. కోతల్లో పోయేదానికి పది శాతం కలిపితే 28 లేదా 29. ఫ్రేములో అడుగుకో వరుస చొప్పున 13 వరుసలు, అంటే 130 అడుగుల పైపు. దూరం పెంచి డబ్బు మిగిలిస్తామంటే ఒప్పుకోవద్దు, పలకలు కుంగుతాయి. ఫ్రేముకి జీఐ పైపు అయితే ఆటోనగర్‌లో వేరుగా కూడా రేటు అడిగి చూడండి.

అసలు ముందు ఖర్చు వాటర్‌ప్రూఫింగ్. తర్వాత లీకైతే డెక్ అంతా ఊడదీయాలి! స్లాబ్‌కి రంధ్రాలు వేయించకుండా పెడెస్టల్స్ (ఫ్రేము కింద పెట్టే చిన్న స్టాండ్లు) మీద నిలబెట్టించండి, వాన నీళ్లూ కింద నుంచి పోతాయి.

రంగు లేతది తీసుకోండి. బెజవాడ ఎండకి ముదురు పలక మీద మధ్యాహ్నం కాలు పెట్టలేరు. డబ్బుంటే పలక మీద ప్లాస్టిక్ పైపొర ఉన్న రకం మేలు, మరకలు అంతగా పట్టవు.