వంశం పేరు బోర్డు మీద, కేసు కట్టలు గుమస్తా చేతిలో

ప్రశ్న ఇది: "తాతల కాలం నుంచి లాయర్లు, ఊరి పెద్దలు, ప్రజాప్రతినిధులు ఉన్న కుటుంబంలో పుట్టినవాళ్లకు ఆ వారసత్వం నిజంగా పనికొస్తుందా, లేక బరువేనా?"

ఇలాంటి ప్రశ్న కనపడగానే ఎవరో ఒకరు నేతులు తాగిన తాతల సామెత తెచ్చి పెడతారు, అది వాళ్లకే వదిలేస్తున్నాను. నా అర్హత చెప్పేస్తే సరిపోతుంది. మా ముత్తాత తెనాలి తాలూకాలో ఒక ఊరికి కరణం. తాతగారు సెకండ్ గ్రేడ్ ప్లీడరు, అంటే కింది కోర్టుల్లో మాత్రమే వాదించగల లాయరు. నాన్నగారు అడ్వకేటు. పెదనాన్న రెండుసార్లు సర్పంచ్. నేను లా చదివి కొన్నేళ్లు కోర్టు చుట్టూ తిరిగి, ఇప్పుడు ఒక కంపెనీలో అగ్రిమెంట్లు చదువుకుంటూ బతుకుతున్నాను. మా ఇంట్లో ఎవరి పెళ్లి పత్రిక చూసినా, ఎవరి సంతాప సభ కరపత్రం చూసినా "తరతరాల న్యాయసేవ, ప్రజాసేవ" అనే మాట ఉండి తీరుతుంది. ఆ సేవ మొదటి తరంలో జీతం, మాన్యం ఉన్న ఉద్యోగం, తండ్రి పోతే కొడుక్కి వచ్చే ఉద్యోగం. దాన్ని సేవ అనడం మాకు తర్వాత అలవాటైంది.

కరణం అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి రెండు ముక్కలు. ఏ సర్వే నంబరు ఎవరి పట్టా, ఎవరు సాగు చేస్తున్నారు, ఏ పంట వేశారు, ఎంత శిస్తు అన్నది, ఊరి సాగు లెక్కల పుస్తకమైన అడంగల్‌లో ఆయన రాసిందే రాత. మునసబు శిస్తు వసూలు చేసేవాడు, చిల్లర తగాదాలు తీర్చేవాడు, కానీ లెక్క మాత్రం కరణానిదే. ఏడాదికోసారి జమాబందీకి, అంటే శిస్తు లెక్కల తనిఖీకి, పై అధికారి వచ్చినప్పుడు తప్ప ఆ పుస్తకం ఇంకొకరు తెరిచేది లేదు. కరణాన్ని నమ్మొద్దని మన శతక కవులు ఊరికే రాయలేదు.

ఆ ఉద్యోగాన్ని వంశానికి కట్టేసింది 1895లో మద్రాసులో చేసిన వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం. దాని నడ్డి విరిచిన కేసు కూడా మా తాలూకాదే కావడం నాకు భలే ఇష్టమైన విషయం. పెరవలి ఊరిని విడదీసి పెరవలిపాలెం అని కొత్త గ్రామం చేశారు, దానికి మునసబు కావాలి. పాత మునసబు గారి కొడుకుకి ఇచ్చారు, అదేమంటే చట్టం అలా ఉందన్నారు. దరఖాస్తు పెట్టుకున్న ఇంకొకాయన ఊరుకోకుండా సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1960 డిసెంబరులో ఆ కోర్టు, ఇది కూడా ప్రభుత్వోద్యోగమే, పుట్టుకను బట్టి ఇస్తామంటే అందరికీ సమాన అవకాశం ఇవ్వమనే రాజ్యాంగం 16వ అధికరణం ఒప్పుకోదు అని తేల్చేసింది. ఒక మునసబు కుర్చీ కోసం ఢిల్లీ దాకా వెళ్లాడంటే ఆ మనిషి ఎంత మొండివాడై ఉండాలి! వంశాల గురించి మాట్లాడేవాళ్లు ఈ కేసు ఎందుకు మాట్లాడరో నాకు తెలుసు, మా ఇంట్లో కూడా మాట్లాడేవారు కాదు.

తీర్పు వచ్చినా ఊళ్లలో పట్టు వదల్లేదు. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి కరణాలను, మునసబులను ఒక్క కలంపోటుతో తీసేసేదాకా అది నడిచింది. అప్పటికి మా ఇంట్లో ఆ పని చూస్తున్నది మా చిన్నతాత. రికార్డులు అప్పగించమంటే పెద్ద పుస్తకాలు అప్పగించి, చిత్తు లెక్కలున్న ట్రంకు పెట్టె మాత్రం అటక మీదే ఉంచేశాడు. ఎందుకంటే "మన చేతి రాత, మన ఇంట్లో ఉండాలి" అన్నాడట.

ఆ పెట్టె వల్లే అసలు కథ. నేను లా కాలేజీలో ఉండగా ఒక పొద్దున పక్క ఊరి రైతు మనవడిని వెంటబెట్టుకుని వచ్చాడు. పొలం మీద దావా నడుస్తోంది. వాళ్ల తాత సాగు చేసిన భూమి, ఒక ఫసలీలో (రెవెన్యూ లెక్కల సంవత్సరంలో) మాత్రం అడంగల్‌లో అనుభవదారు గడిలో ఆయన పేరు కొట్టేసి ఇంకో పేరు రాసి ఉంది. ఆ ఇంకో పేరు ఎవరిదంటే మా ముత్తాత బావమరిదిది. రైతు ఏమీ నిష్ఠూరంగా మాట్లాడలేదు. "బాబుగారూ, మీ పెద్దలు చిత్తు కూడా రాసుకునేవారని మా నాయన చెప్పేవాడు, అది ఉందేమో చూస్తారని" అన్నాడంతే.

నాన్నగారు వెంటనే చూడలేదు. ఇలాంటి కథల్లో న్యాయమూర్తుల్లాంటి తండ్రులు ఉంటారు, మా నాన్న అలాంటి రకం కాదు. వారం పైనే నానబెట్టారు. బాబాయి వచ్చి, పెట్టె తెరిస్తే మన పరువు మనమే బజారున పెట్టుకున్నట్టు అని గొడవ చేశాడు. నానమ్మ, ఆ బావమరిది తరపు చుట్టాలు రేపు పెళ్లికి పిలవరని బాధపడింది. చివరికి ఒక రాత్రి ఆయనే నిచ్చెన వేసుకుని ఎక్కారు, నేను కింద నిలబడి టార్చి పట్టుకున్నాను. పెట్టెలో సగం చెదలు. ఫసలీ 1357, అంటే దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడు లెక్క, అడుగున దొరికింది. అనుభవదారు గడిలో రైతు తాత పేరు శుభ్రంగా ఉంది, కొట్టివేత లేదు. చిత్తులో ఉన్నది సాఫులో, అంటే ఎత్తిరాసిన అసలు పుస్తకంలో, మారింది, అంతే సంగతి.

కేసు తనే తీసుకుంటారేమో అనుకున్నాను. "ఈ రాత ఎవరిదో చెప్పాల్సింది నేను, సాక్షిని అయ్యేవాణ్ణి వకాలత్ పుచ్చుకోకూడదు" అని రైతును ఇంకో లాయరు దగ్గరికి పంపారు. ఆ లాయరు నిజంగానే సమన్లు వేయించాడు. ఇంట్లో మళ్లీ గొడవ. నాన్న ఒక్కటే మాట, "సమన్లు వచ్చాయి, వెళ్లాలి."

ఆ రోజు సబ్ కోర్టుకు నేనూ వెళ్లాను. అన్నేళ్లు బోను బయట నిలబడ్డ మనిషి బోనులోకి ఎక్కాడు, ఎక్కగానే అలవాటుగా "మే ఇట్ ప్లీజ్ యువర్ ఆనర్" అనేశాడు. హాలంతా నవ్వింది, జడ్జిగారు కూడా తల దించుకున్నారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. రెండు కాగితాలు ఇచ్చారు. కళ్లజోడు తుడుచుకుని చూసి, చిత్తు మా ముత్తాత రాత, సాఫు కూడా ఆయనదే, కొట్టివేసి రాసిన పేరు కూడా ఆయన చేతిదే అని చెప్పారు. ఎలా చెప్పగలరంటే, మా ముత్తాత తెలుగు అంకెలే వాడేవారు, ౪ రాస్తే తోక పక్క గడిలోకి లాగేవారు, దిద్దిన చోట వేసిన తేదీలో కూడా ఆ తోక ఉంది అన్నారు. అవతలి పక్షం లాయరు రోజూ నాన్నతో కలిసి కాఫీ తాగే మనిషి. ఆయన క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఏమీ మొహమాటపడలేదు, మీ చిన్నాయనతో ఆస్తి తగాదా ఉండి కక్షతో చెబుతున్నారని అడిగాడు, వాది దగ్గర డబ్బు పుచ్చుకున్నారని అడిగాడు. వాంగ్మూలంలో అన్నిటికీ ఆ పాత వాక్యమే పడింది: "అనుట నిజము కాదు." మన కోర్టుల్లో ఇంతకంటే ఎక్కువసార్లు టైపైన తెలుగు వాక్యం ఉండదని నా నమ్మకం. సాయంత్రం ఇద్దరూ మళ్లీ కాఫీకి వెళ్లారు.

కింది కోర్టులో రైతు గెలిచాడు, అప్పీలు పడింది, ఏళ్లు గడిచాక లోక్ అదాలత్‌లో రాజీ పడ్డారు. బాబాయి చాలాకాలం మాతో మాట్లాడలేదు. ఇప్పుడు మా కుటుంబ వారసత్వం గురించి ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఆ పేరు కొట్టివేత, ఆ సాక్ష్యం రెండూ కలిపి. పెళ్లి పత్రికలో ఒక్క సగమే పడుతుంది.

ఇక లాయరు వృత్తి సంగతి. బోర్డు మీద మా ఇంటిపేరు ఉన్న మాట నిజమే కానీ, తాత దగ్గరి నుంచి నాన్న దాకా ఆఫీసును నిలబెట్టింది మా గుమస్తాగారు. ఏ కేసు ఏ వాయిదాకు ఉంది, ఏ కక్షిదారు బత్తా (సమన్లకు, సాక్షులకు కట్టే ఖర్చు) కట్టలేదు, కోర్టు కాగితాల నకళ్ల కోసం వేసిన కాపీ అప్లికేషన్ ఏ సెక్షన్‌లో ఆగింది, ఏ కట్టలో ఏ దస్తావేజు ఒరిజినల్ ఉంది అన్నీ ఆయన బుర్రలోనే. తాతగారు పోయాక కక్షిదారులు నాన్న దగ్గరే ఉండిపోవడానికి కారణం నాన్న వాదన అనుకుంటే పొరపాటు, గుమస్తాగారు మారలేదు కాబట్టి వాళ్లూ మారలేదు. లాయరు కొడుకు లాయరైతే మూడు తరాల వారసత్వం, గుమస్తా కూతురు లాయరైతే ఫస్ట్ జనరేషన్! ఆ అమ్మాయి నిజంగానే లా చదివింది, నాకంటే బాగా డ్రాఫ్టింగ్ చేసేది, జూనియర్‌గా చేరిన చోట బస్సు ఛార్జీ కూడా గిట్టలేదు. 2019లో రాష్ట్ర ప్రభుత్వం జూనియర్ లాయర్లకు నెలకు 5,000 ఇస్తామంది, 2024లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పట్టణాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వమని సీనియర్లకు సలహా ఇచ్చింది. సలహా అంటే సలహానే, ఇచ్చేవాడిష్టం. నాకు ఆ టెన్షన్ ఎప్పుడూ లేదు, మధ్యాహ్నం ఇంటికెళ్లి అన్నం తినేవాణ్ణి. మీరడిగిన లాభం ఇదే, ఇంతకంటే పెద్ద రహస్యం ఏమీ లేదు.

నాయకత్వం మాట ఎత్తారు కాబట్టి పెదనాన్న గురించి కూడా. మా ఊరి సీటు మహిళలకు రిజర్వ్ కాగానే పెద్దమ్మ చేత నామినేషన్ వేయించి, గెలిపించి, కుర్చీలో తను కూర్చున్నాడు. ఇది మా ఇంట్లోనే జరిగిందనుకోకండి, ఏ మండలంలో చూసినా సర్పంచ్ గారి భర్త అనే అనధికార పదవి ఒకటి ఉంటుంది, ఫ్లెక్సీలో ఆయన ఫొటోనే పెద్దది. కానీ రెండో ఏడాది నుంచి పెద్దమ్మ తీర్మానాల పుస్తకం ఇంటికి తెప్పించుకుని, వంటింట్లో బియ్యం డబ్బా మీద పెట్టుకుని ఆసాంతం చదివాకే సంతకం పెట్టేది. ఒక బోరుబావి బిల్లు మీద పెట్టనే లేదు. ఆ కాంట్రాక్టరు పెదనాన్న స్నేహితుడు. మా వంశంలో ప్రజాసేవ అని నేను ఒప్పుకునేది ఏదైనా ఉంటే ఆ పెట్టని సంతకం, ఆవిడేమో కోడలిగా వచ్చిన మనిషి.

పెద్ద కుటుంబాల ఉదాహరణలు చెబుతారు, కాదనను. పాకాల వెంకటరమణారావు నాయుడు మద్రాసు హైకోర్టు జడ్జి, కొడుకు రాజమన్నార్ అదే హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తి, అల్లుడు కోకా సుబ్బారావు ఏకంగా దేశానికే ప్రధాన న్యాయమూర్తి అయి 1967లో, ప్రాథమిక హక్కులను పార్లమెంటు తగ్గించలేదన్న గోలక్‌నాథ్ తీర్పు ఇచ్చాడు. ఆ ఇంటి ఆఫీసులో జూనియర్‌గా పనిచేయడం సుబ్బారావుకు కలిసొచ్చింది. మరి టంగుటూరి ప్రకాశానికి ఏ ఆఫీసు ఉంది? తల్లి ఒంగోలులో పూటకూళ్లిల్లు నడిపి చదివించింది. మా తాతలాగే సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా మొదలుపెట్టి, ఆ గ్రేడుతో పై కోర్టులో వాదించడం కుదరదని ఇంగ్లండు వెళ్లి బారిస్టరై వచ్చాడు, 1921లో నడుస్తున్న ప్రాక్టీసును వదిలేశాడు. అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ తండ్రి నెల్లూరు జిల్లాలో గుడి పూజారి, కొడుకు రాజ్యాంగ ముసాయిదా కమిటీలో కూర్చున్నాడు. నా లెక్కలో వంశం తొందరగా కోర్టు హాల్లోకి చేరుస్తుంది, అక్కడ నోరు తెరిచాక దాని పని అయిపోతుంది. మా తాత ప్రకాశం కాలేదు కాబట్టి ఇలా అంటున్నానని మా బాబాయి అంటాడు, అననివ్వండి.

మీరు కూడా అలాంటి ఇంట్లోంచే వచ్చి, లా చదివి ఏం చేయాలో తోచక అడిగి ఉంటే, మీ నాన్నగారి ఆఫీసులో చేరకండి. మిమ్మల్ని పేరుతో పిలవకుండా "ఏమయ్యా" అని పిలిచే సీనియర్ దగ్గర చేరండి. ఇంటి ఆఫీసుకు శని, ఆదివారాలు వెళ్లి, నాన్నగారి గదిలో కాకుండా గుమస్తాగారి బల్ల పక్కన కూర్చుని కట్టలు కట్టడం నేర్చుకోండి. కాపీ అప్లికేషన్ మీరే వేయండి, కౌంటర్ దగ్గర మీ తాత ఎవరని అడగరు, కోర్టు ఫీజు స్టాంపు అతికించారా లేదా అని అడుగుతారు.