పేరు రాయకపోయినా పరువు నష్టమేనా?

ప్రశ్న: మా మండలంలోని రైస్ మిల్లర్లు తరుగు పేరుతో 40 కిలోల బస్తాకు రెండు కిలోలు కోస్తున్నారని ఒక పత్రికకు ఉత్తరం రాశాను. ఎవరి పేరూ రాయలేదు. ఒక మిల్లు యజమాని మాత్రం తన పరువు పోయిందంటూ నోటీసు పంపారు. పది లక్షలు ఇవ్వకపోతే క్రిమినల్ కేసు కూడా వేస్తారట. ఏం చేయాలి?

జవాబు: అసలు విషయం మీరు చెప్పలేదు. మీ మండలంలో మిల్లులు ఎన్ని? ముప్పై ఉంటే ఆయన వాదన నిలవడం కష్టం. రెండే ఉంటే మీరు పేరు రాసినట్టే.

భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ (పాత ఐపీసీ 499) ప్రకారం వ్యక్తుల సమూహాన్ని నిందించినా పరువు నష్టమే. అయితే ఆ సమూహం ఫలానా అని గుర్తుపట్టేలా ఉండాలి. అలీగఢ్‌లోని ప్రభుత్వ ప్రాసిక్యూటర్లను నిర్దిష్ట బృందంగానే సుప్రీంకోర్టు 1965లో పరిగణించింది. 1971లో సేలంలో జరిగిన ద్రావిడ కళగం మహాసభ గురించి పత్రికల్లో వచ్చిన వార్తపై ఆహ్వాన సంఘం అధ్యక్షుడు కేసు వేస్తే, మహాసభ అంటే ఫలానా వాళ్లని తేల్చలేమని 1972లో కొట్టేసింది. పెళ్లికి ముందు సంబంధాలపై చేసిన వ్యాఖ్యలకు నటి ఖుష్బూపై దాఖలైన 23 ఫిర్యాదులకు 2010లో అదే గతి పట్టింది. ఆమె మాటల వల్ల ఫిర్యాదుదారులకు ప్రత్యేకంగా జరిగిన నష్టమేమీ లేదన్నది కోర్టు మాట.

పోలీసుల భయం పెట్టుకోకండి. ఈ నేరానికి వారు నేరుగా కేసు కట్టలేరు. బాధితుడే మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు చేయాలి. దాన్ని విచారణకు స్వీకరించే ముందు మీ వాదన కూడా వినాలని క్రిమినల్ కేసులు నడిపే తీరు చెప్పే కొత్త చట్టం (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) చెబుతోంది. ఇక నష్టపరిహారం దావా అంటారా, ఉత్తరం అచ్చయిన ఏడాదిలోపే వేయాలి.

మీరు రాసింది నిజమైతే రుజువులు ఇప్పుడే సర్దుకోండి. కొనుగోలు కేంద్రంలో ఇచ్చిన కాటా చీటీ, ధాన్యం దించుకున్నాక మిల్లులో చూపిన తూకం, రెండూ పక్కపక్కన పెడితే తేడా కనబడాలి. క్రిమినల్ కేసులో నిజమని చూపితే చాలదు, ప్రజాహితం కోసమే రాశారనీ చూపాలి. తరుగు విషయంలో అదేమంత కష్టం కాదు.

నోటీసుకు జవాబు మీరే రాయకండి, లాయరు చేత ఇప్పించండి. నా దగ్గరికి వచ్చిన ఒకాయన కోపంలో “అవును, మిమ్మల్నే అన్నాను” అని రాసి పంపాకే వచ్చారు. అవతలివారి దగ్గర లేని ఒకే ఒక్క సాక్ష్యాన్ని ఆయనే సంతకం పెట్టి ఇచ్చారు. ఆ నోటీసును వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం కూడా అలాంటిదే.