కన్ను, చెవి చెప్పినవి మెదడులో ఎలా కలుస్తాయి?

మెదడులో రంగు ఒకచోట, కదలిక మరోచోట, శబ్దం ఇంకోచోట విశ్లేషణ అవుతుంటే మన అనుభవం ముక్కలుగా ఎందుకు లేదన్నది ప్రశ్న. అన్నీ వచ్చి చేరే ప్రధాన కేంద్రం మెదడులో ఇంతవరకు దొరకలేదు.

చూసినదాన్నీ విన్నదాన్నీ కలపాలా వద్దా అని తేల్చడానికి మెదడు ముఖ్యంగా రెండు చూస్తుంది: ఒకే సమయమా, ఒకే చోటా అని. సమయం అచ్చంగా కలవనక్కర్లేదు, స్వల్ప తేడాలను సర్దేసుకుంటుంది. చోటు విషయంలో మాత్రం సాధారణంగా కన్ను చెప్పిందే వేదం. సినిమా హాల్లో స్పీకర్లు ఎక్కడున్నా మాట నటుడి నోటి నుంచే వస్తున్నట్టు తోచేది అందుకే.

1976లో మనస్తత్వ పరిశోధకులు హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ చూపిన భ్రమ మరీ చిత్రమైనది. ‘బ’ శబ్దానికి ‘గ’ పలికే పెదవుల వీడియో జోడిస్తే చాలామందికి ‘డ’ వినిపిస్తుంది. కళ్లు మూసుకుంటే మళ్లీ ‘బ’. కిటుకు తెలిసినా భ్రమ పోదు! అంటే ఈ కలయిక చాలావరకు మన ఎరుకకు రాకముందే జరిగిపోతోంది.

శ్రద్ధకూ ఇందులో పాత్ర ఉంది. శ్రద్ధను నడపడంలో తోడ్పడే పెరైటల్ భాగం (మెదడులో పైన, వెనకవైపు ఉండేది) రెండువైపులా దెబ్బతిన్న కొందరు, పక్కపక్కన ఉన్న అక్షరాల రంగులను తారుమారుగా చూస్తారు. వేర్వేరు చోట్ల ఉన్న న్యూరాన్లు (మెదడులోని నాడీకణాలు) ఒకే లయలో స్పందించడమే వీటన్నిటినీ కలిపే ముడి అని ఒక వాదన. నాకది ఇంకా రుజువు కాని ఊహగానే కనిపిస్తోంది.